కూర్మమ్మ పెట్టిన మూడు పూటలు

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఏరు ఇప్పుడున్న చోట కాక అవతలి పక్కన పారే కాలంలో, ఒక కోట ఉండేది. కోటలో ఒక రాజు ఉండేవాడు. కోట గుమ్మం బయట కూర్మమ్మ ఉండేది. రాజు పేరు ఎవరికీ గుర్తు లేదు. కూర్మమ్మ పేరు గుర్తుంది. ఎందుకు గుర్తుందో చెబుతాను, వినండి.

కూర్మమ్మది చోడంబలి, అంటే రాగి అంబలి, కాచి పోసే పని. గుమ్మం పక్కన పాక, పాకలో పొయ్యి, పొయ్యి మీద కుండ. రాళ్ళు మోసేవాళ్ళు, కట్టెలు మోసేవాళ్ళు, పల్లకీలు మోసేవాళ్ళు అక్కడ ఆగి నాలుగు దొప్పలు తాగి పోయేవాళ్ళు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఎవరి మీద నేరం మోపారో వాళ్ళే సాక్షికి మూడు పూటలు కూడు పెట్టాలి. ఆ మూడు పూటలు తిన్నాకే సాక్షి సభలో నోరు విప్పాలి. వేరేవాళ్ళు తిండి ఆశపెట్టి అబద్ధం చెప్పిస్తారని, మరో చేతి కూడు తింటే ఆ సాక్ష్యం చెల్లదన్నారు. దూరం నుంచి వచ్చిన బీదవాడు ఆకలితో మాడకూడదని ఎవరో పెద్దమనసుతో పెట్టిన ఆచారమేనట. పెద్దిళ్ళవాళ్ళు దాన్ని అందిపుచ్చుకున్నారు. నోరు మూయించడానికి కత్తెందుకు? విస్తరి చాలు. చంపినవాడు ఎదురుగా కూర్చుని, "ఇంకొంచెం వేసుకో, నీకు పిల్లలెంతమంది?" అని నవ్వుతూ అడిగితే ఏ ముద్ద గొంతు దిగుతుంది?

రాజుగారి బావమరిది జగ్గరాజు. అతని మీద మూడుసార్లు నేరం మోపారు. మూడుసార్లూ సాక్షులు కూర్మమ్మ పాక ముందు నుంచే లోపలికి వెళ్ళారు. మొదటివాడు తల వంచుకుని బయటికొచ్చాడు. రెండోవాడు కొత్త తలపాగా చుట్టుకుని బయటికొచ్చాడు. మూడో మనిషి ఆడది. ఆమె బయటికొచ్చాక మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు. చూశామని వెళ్ళారు, చూడలేదని వచ్చారు. కూర్మమ్మ అంతా చూసింది. చూసి, కుండ కలుపుకుంది.

నాలుగోసారి సింహాద్రి పోయాడు. చెరువు నీళ్ళు వంతు ప్రకారం పొలాలకు వదిలే మనిషి. "ఈయేల వంతు మీది కాదు బాబూ" అన్నందుకు జగ్గరాజు అతన్ని పారతో కొట్టి తూములోకి తోసేశాడు. కట్టెలేరుకునే చిలకమ్మ గట్టు మీది నుంచి చూసింది.

చిలకమ్మను జగ్గరాజు మనుషులిద్దరు కోటకు తీసుకొచ్చారు. గుమ్మం దగ్గర వాళ్ళు చుట్ట ముట్టించుకోవడానికి ఆగారు. చిలకమ్మ పాక నీడలో కూలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కూర్మమ్మకు ఒక అలవాటు. ఎండిన పెదాలు కనిపిస్తే ముందు పోస్తుంది, తర్వాత అడుగుతుంది. పోసింది. చిలకమ్మ గటగటా తాగింది.

"ఏ ఊరమ్మా?"

"సెరువు కింద పల్లి. సాచ్చికం సెప్పడానికొచ్చాను."

కూర్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

చుట్ట నోట్లో పెట్టుకునే ఒకడు విరగబడి నవ్వాడు. "ఓలమ్మో! ముసలీ, ఎంత పున్నెం కట్టుకున్నావే! జగ్గరాజుగారింట గింజ ముట్టకముందే సాచ్చికి అంబలి పోసీసేవు. ఇంకేటి సాచ్చికం? ఒలే చిలకమ్మా, ఎల్లి కట్టెలేరుకో!"

చిలకమ్మ దొప్ప జారిపోయింది. "ఆడు నా కళ్ళెదుటే ములిగిపోయేడు. గుండె రాయి సేసుకుని ఇంత దూరం వచ్చేను. నువ్వేటి సేసేవమ్మా?"

కూర్మమ్మ గరిటె కింద పెట్టింది. సాక్ష్యం చెల్లదని రాజు ముందే తేల్చడానికి చిలకమ్మను సభకు లాక్కెళుతుంటే తనూ వెనకే వెళ్ళింది.

సభలో జగ్గరాజు తమలపాకులు నములుతూ నిలబడ్డాడు. "బావగారూ, నేను వంట చేయించి కూర్చున్నాను. సాక్షమ్మ బయటే తినేసి వచ్చింది. నా తప్పేముంది?"

ఆచారం చదివే పెద్దాయన తాటాకు తీసి చదివాడు. "కూడు నిందితుడే పెట్టాలి. మరొకరు పెడితే సాక్ష్యం చెల్లదు."

రాజు లేవబోయాడు.

కూర్మమ్మ ఎప్పుడూ సభలో నిలబడింది కాదు. అయినా ముందుకొచ్చింది. "బాబూ, మరొక్కపాలి సదవండి."

"కూడు నిందితుడే పెట్టాలి."

"నిందితుడంటే ఎవులు బాబూ?"

"నేరం మోపితే, ఈ ఆకు మీద ఎవరి పేరు రాస్తామో వాళ్ళు."

"అలగైతే నన్నూ రాసుకోండి."

పెద్దాయన తల ఎత్తి చూశాడు.

"సింహాద్రిని సంపినోళ్ళలో నానూ ఉన్నానని రాసుకోండి. నా మీద నానే నేరం మోపుతున్నాను."

జగ్గరాజు పగలబడి నవ్వాడు. "గరిటె ఎత్తే ఓపిక లేదు, ముసల్ది పార ఎత్తిందట!"

"ఎత్తేనో లేదో తేల్చడానికే గదా సాచ్చి ఉన్నాది? సాచ్చినడగండి."

పెద్దాయన తాటాకుల కట్ట మూశాడు, మళ్ళీ తెరిచాడు. "నేరం ఎవరైనా మోపవచ్చు, ఎవరి మీదైనా మోపవచ్చు. రాయక తప్పదు." గంటం ఎత్తి ఆమె వైపు చూశాడు. "తల్లీ, రుజువైతే ఏనుగు కాలి కింద తొక్కిస్తారు. తెలుసా?"

"తెలుసు బాబూ."

ఆకు మీద రెండో పేరు పడింది. ఇక కూర్మమ్మదీ నిందితురాలి కూడే; ఎవరి కూడు ముందు ముట్టిందో మూడు పూటలూ వాళ్ళ దగ్గరే అన్నాడు పెద్దాయన. ఆ మధ్యాహ్నం నుంచి మూడు పూటలు కూర్మమ్మ పాకలోనే.

మొదటి పూట జగ్గరాజు ఇంటి దాసి వచ్చింది. "అమ్మగారు పంపేరు" అని పట్టుచీర గుమ్మంలో పెట్టింది. చిలకమ్మ చీర వైపు చూసింది. కూర్మమ్మ వైపు చూసింది. అంబలి తాగింది.

రెండో పూట చుట్ట మనిషి వచ్చాడు. "మీ పాకలన్నీ గడ్డివేనేటి? అసలే ఎండలు మండిపోతన్నాయి" అని నిప్పు రాల్చి పోయాడు. చిలకమ్మ ఆ నిప్పును మట్టితో కప్పింది. సగమే తాగింది.

మూడో పూట, తెల్లారాక, జగ్గరాజే వచ్చాడు. పొయ్యి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మెత్తగా మాట్లాడాడు. "చూడు చిలకమ్మా. రాజుగారికి ఎవరో ఒకరు కావాలి. ఆకు మీద రెండు పేర్లున్నాయి. ముసల్దే చంపిందని చెప్పు. తనే ఒప్పుకుంది కదా! నీకూ బాధ లేదు, నాకూ బాధ లేదు. ఆవిడ మాత్రం ఇంకెన్నాళ్ళు బతుకుతుంది?"

కూర్మమ్మ వింటూండగానే అన్నాడు. అని, లేచి వెళ్ళిపోయాడు.

కూర్మమ్మకు ఈ ఆలోచనే రాలేదు. తన మెడకు తాడు తనే పేనుకుంది. కొస వాళ్ళ చేతిలో పెట్టింది. చిలకమ్మ కాళ్ళు పట్టుకుందామనిపించింది. 'నా పేరు సెప్పకే తల్లీ' అనే మాట పళ్ళ దాకా వచ్చింది. పళ్ళ దగ్గరే ఆపింది. కూడు పెట్టి మాట అడిగితే తనకీ జగ్గరాజుకీ తేడా ఏముంది?

"అమ్మా, నానేటి సెప్పను?" అంది చిలకమ్మ.

"నన్నడక్కు. సూసింది నువ్వు. అంబలి సల్లారిపోతాది, తాగు."

చిలకమ్మ దొప్ప ఖాళీ చేసింది.

సభలో ఒక పక్క జగ్గరాజు, ఒక పక్క కూర్మమ్మ, నడుమ చిలకమ్మ. "తూము దగ్గర ఎవరున్నారు?" అని రాజు అడిగాడు. చిలకమ్మ జగ్గరాజు వైపు చూసింది. రెండోసారి అడిగాడు. కూర్మమ్మ వైపు చూసింది. మూడోసారి అడిగాడు.

"ముసలమ్మ..." అంది చిలకమ్మ.

జగ్గరాజు నవ్వాడు. కూర్మమ్మ కళ్ళు మూసుకుంది.

"ముసలమ్మ అక్కడ లేదు బాబూ. పార పట్టుకున్నది ఈ బాబు. సింహాద్రి నీళ్ళలోంచి రెండుమార్లు సెయ్యెత్తేడు. రెండుమార్లూ ఈ బాబే కొట్టేడు."

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఏ చేత్తో కొట్టాడో చెప్పింది. ఏ మాట అన్నాడో చెప్పింది. సభ నిండా జనం విన్నారు. అంతమంది విన్నాక బావమరిదిని కాపాడటం రాజుకు చేతకాలేదు. జగ్గరాజు సంకెళ్ళతో బయటికి నడిచాడు.

మరి కూర్మమ్మ? తన మీద తానే అబద్ధపు నేరం మోపుకున్నందుకు ఆమె కుండ పగలగొట్టించారు. పాక పీకించారు. గుమ్మం ఛాయలకు రావద్దన్నారు. నిజాన్ని నిలబెట్టినవాళ్ళకు సింహాసనాలు ఇచ్చే బహుమతి ఎప్పుడూ అదే. చిలకమ్మ ఆమెను తన ఇంటికి తీసుకుపోయింది. కూర్మమ్మ మూడేళ్ళు బతికి, ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

ఆమె పోయిన ఏడే మరో పెద్దింటి మీద నేరం పడింది. మరో సాక్షి కోటకు వచ్చాడు. ఈసారి అతని వెనక జనం వచ్చారు. "నన్నూ రాసుకోండి" అన్నాడు ఒక రాళ్ళు మోసేవాడు. "నన్నూ రాసుకోండి" అంది ఒక కట్టెలు మోసేది. "నన్నూ రాసుకోండి" అన్నాడు ఒక పల్లకీ బోయీ. మధ్యాహ్నానికి పెద్దాయన దగ్గర తాటాకులు అయిపోయాయి. ఆయన గంటం కింద పెట్టేశాడు. ఆ ఆచారం ఆ రోజుతో సరి.

కోట కూలిపోయింది. ఏరు ఇవతలికి వచ్చింది. ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళలో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి బయలుదేరితే ఒంటరిగా పంపరు. కనీసం ముగ్గురు వెంట నడుస్తారు. చోడంబలి ముంత పట్టుకుని వెళ్ళి, కచేరీ గుమ్మం ముందు తాగిస్తారు. దారి పొడవునా వానల గురించి మాట్లాడతారు, గొడ్ల గురించి మాట్లాడతారు, పెళ్ళిళ్ళ గురించి మాట్లాడతారు. ఏం చెప్పబోతున్నావని మాత్రం ఒక్కరూ అడగరు.