పైడమ్మ వరుస

సాయంత్రం ఐదయింది. ముసురు పట్టింది. మధ్యాహ్నానికే రావలసిన ఇటుక బట్టీల లారీ ఇంకా రాలేదు. ఫోన్లు పలకడం లేదు. ఆ లారీలో వాళ్ల నాన్నతో మా చిన్నదీ ఉంది. కూర్చోండి. వచ్చేదాకా పైడమ్మ కథ చెబుతాను.

కంప్యూటర్లకు గుమ్మడికాయంత పొట్ట ఉండే రోజులు. ఏటి ఇసుక ఏట్లోనే ఉండే రోజులు. అప్పుడు మన ఊళ్లో పైడమ్మ అని ఒకతె ఉండేది. టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని సిస్టరమ్మ వెనక నడిచేది. అదే ఆమె పని. చదువు రాదు.

ఒక ఏడు బట్టీల్లో తట్టు లేచింది. అమ్మానాన్నలతో బట్టీ పనికి వెళ్లిన మన పిల్లల్లో ముగ్గురు తిరిగి రాలేదు.

ఆసుపత్రి కంప్యూటరు మాత్రం చెప్పింది: అందరికీ టీకా వేశారు, నూటికి నూరు.

పైడమ్మ అడిగింది. "మరి తాళం ఇళ్లోళ్లో?"

"తాళం అని కొడితే ఊరొదిలి పోయినట్టు. లెక్కలోంచి తీసేస్తాది" అంది సిస్టరమ్మ.

"అది తప్పు కదా?"

"పెట్టె మోసేదానివి, నీకేటి తెలుసే పైడీ? కంప్యూటరు తప్పు చెబుతాదా?"

"కంప్యూటరు మా వీధిలోకి ఎప్పుడొచ్చింది సిస్టరమ్మా?"

సిస్టరమ్మ నవ్వింది. తరవాత నవ్వు ఆపింది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఏడు ఇళ్లకు తాళాలు పడ్డాయి. తొమ్మండుగురు పిల్లలు టీకా లేకుండా బట్టీలకు పోయారు. ఏ బట్టీకో ఎవరికీ తెలీదు. అటువైపు మళ్లీ తట్టు లేచిందని కబురొచ్చింది. పైడమ్మకు కాలు నిలవలేదు.

ఆ లెక్కల ప్రోగ్రాం ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూడొచ్చు. తప్పుంటే చెప్పొచ్చు. దిద్దితే ఆ దిద్దుబాటు అందరికీ. దాన్ని రాసేవాళ్లు తలో దేశంలో ఉండేవారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. కూలీ తీసుకోలేదు.

పైడమ్మ చెప్పింది, సిస్టరమ్మ వాళ్లకి రాసింది. మొదటి జవాబు వచ్చింది: తాళం ఉంటే ఖాళీ ఇల్లే కదా?

"పోయినోళ్లు తాళం ఎందుకేస్తారు?" అంది పైడమ్మ. "తాళం ఏసారంటే తిరిగొస్తారనే. అలాగే రాయమ్మా."

రాసింది. రెండో జవాబు వచ్చింది: తిరిగి వస్తారని ఏమిటి గుర్తు?

పైడమ్మ వీధిలోకి పరిగెత్తింది. ఒక ఇంటి కోడిని పక్కింటోళ్లు మేపుతున్నారు. ఒక ఇంటి చూరుకి విత్తనాల మూట వేలాడుతోంది. ఒక ఇంటి ముందు రోలు వానకి తడవకుండా గోనె కప్పి ఉంది. మూడూ రాయించింది.

ఒక రోజు. "వచ్చిందా సిస్టరమ్మా?" "రాలేదు."

రెండో రోజు. "వచ్చిందా?" "రాలేదే."

మూడో రోజు అడగలేదు. గుమ్మంలో నిలబడింది.

మూడో జవాబు ఎక్కడో ఇసుక దేశం నుంచి, ఒక ఆడమనిషి దగ్గర్నుంచి వచ్చింది. "మావాళ్లు ఒంటెల వెంట పోతారు. తలుపు తాడుతో కట్టి పోతారు. మా పిల్లలు కూడా ఈ లెక్కలో లేరు. నేను దిద్దుతాను."

దిద్దింది. మిగతావాళ్లు చూసి సరే అన్నారు. తాళం అని కొడితే ఇప్పుడు పేర్లు చెరగవు. కింద కొత్త వరుస వస్తుంది: ఎక్కడికి వెళ్లారు? ఎప్పుడు వస్తారు?

పైడమ్మ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. కోడి మేపేవాళ్లకి బట్టీ పేరు తెలుసు. విత్తనాలు చూసేవాళ్లకి మేస్త్రీ పేరు తెలుసు. అన్నీ కొట్టారు. బట్టీల దగ్గరి ఆసుపత్రి కంప్యూటర్లో తొమ్మిది పేర్లు లేచాయి. అక్కడి సిస్టరు పెట్టె పట్టుకుని వెళ్లింది. తట్టు పక్క బట్టీదాకా వచ్చేసింది అప్పటికే.

తొలకరికి లారీ వచ్చింది. పైడమ్మ వేళ్లు మడిచింది. ఎనిమిది దాకా మడిచి ఆగింది. తొమ్మిదోవాడు ఇటుక దుమ్ముతో లారీ వెనక నుంచి దూకాడు.

"ఎదవా, ముందు దిగొచ్చు కదరా!" అని వీపు మీద ఒకటి వేసి, వాణ్ణి పట్టుకుని ఏడ్చింది.

కొన్నేళ్లకి పైడమ్మ పోయింది. ఆ ప్రోగ్రాంలో పనిచేసినవాళ్ల పేర్లు ఒకచోట ఉంటాయట. వాటిలో ఆమె పేరూ ఉంది. పక్కన 'టీకాల పెట్టె మోసింది' అని సిస్టరమ్మ రాసింది. నోరు తిరగని దేశాలవాళ్లు కూడా ఆ ప్రశ్నల వరుసని పైడమ్మ వరుస అనే అంటారట.

అందుకే మన వీధిలో తాళం వేసేటప్పుడు పక్కింటివాళ్లకి చూపించి వేస్తాం. ఎక్కడికో చెబుతాం. ఎప్పుడొస్తామో చెబుతాం. టీకాలావిడ తాళాన్ని ముట్టుకుని "మరి తాళం ఇళ్లోళ్లో?" అని అడగందే గడప దాటదు. లారీ వచ్చినప్పుడు ఎవరో ఒకరు నిలబడి వేళ్లు మడుస్తారు.

ఉండండి. అదే లారీ.

ఈ ఏడు పదకొండు మంది పిల్లలు. ఒకటి. రెండు. మూడు. ఆగండర్రా, తోసుకోకండి. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది. పది.

పది.

వాళ్ల నాన్న దిగుతున్నాడు. భుజం మీద మా చిన్నది గోనె కప్పుకుని నిద్రపోతోంది.

పదకొండు.