ఎవరికమ్మా అని అడిగిన మసేనమ్మ

జ్యేష్ఠ బహుళ పంచమి, మంగళవారం, ఇళ్లల్లో దీపాలు పెట్టే వేళ. మసేనమ్మ కన్ను మూసింది అప్పుడే. తిథి తెలుసు, వారం తెలుసు, వేళ తెలుసు. ఏ సంవత్సరం అంటే మాత్రం చెప్పలేను. మా ఇంట్లో ఎవర్ని అడిగినా "చాలా కాలమైంది" అనే అంటారు. విసుగొచ్చి నేనూ అడగటం మానేశాను.

అనగా అనగా ఒక ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. ఆ పల్లెలో ఒక చేపల గంప. ఆ గంప మసేనమ్మది.

పొద్దున్నే గంగమ్మ తల్లికి దండం పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని బయల్దేరేది. చదువు లేదు, పొలం లేదు, మాటలో నెమ్మది అసలే లేదు. ఉన్నదల్లా ఒక కొడుకు, ఒక కోడలు, ఒక కత్తిపీట.

ఏటికి ఎగువన రాజుగారు కొలుములు పెట్టించాడు. సీసం కరిగించేవారు. రాగి కరిగించేవారు. గుడి కలశాలకి బంగారుపూత పుయ్యటానికి పాదరసం కాచేవారు. కడిగిన మడ్డంతా ఏట్లో పోసేవారు. ఏరు దాన్ని మోసుకొచ్చి సముద్రంలో కలిపేది. కలశం ధగధగలాడింది. చేపల కడుపులో ఏం చేరిందో ఎవరికీ కనపడలేదు.

కనపడదు మరి, అదే వచ్చిన చిక్కు! కుళ్లిన చేపయితే కంపు కొడుతుంది, పారేస్తాం. ఈ చేపకి కంపు లేదు. మొప్పలు మందారాల్లా ఎర్రగా ఉన్నాయి. రుచికి రుచి. చిన్నచేప మడ్డి తింది. చిన్నచేపల్ని నడిమిచేప తింది. నడిమిచేపల్ని సొర తింది. తిన్నదంతా దాని ఒంట్లోనే దాచుకుంది.

ఆ పల్లెలో ఒక ఆనవాయితీ. కడుపుతో ఉన్నదానికీ, బాలింతకీ పాలసొర పెట్టాలి. అందులోనూ పెద్దది పెట్టాలి. ఎందుకమ్మా అంటే, పాలు పడతాయి. పాలెందుకు పడతాయమ్మా అంటే, పేరులోనే పాలున్నాయి కదా! ఇంతకు మించిన కారణం నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

మసేనమ్మ కూడా పెట్టింది. కోడలు పోలి మొదటిసారి నీళ్లోసుకున్నప్పుడు ఏరి ఏరి పెద్ద సొరలు తెచ్చి వండింది. పిల్లాడు పుట్టాడు. ముద్దుగా ఉన్నాడు. కానీ మెడ నిలవలేదు. పిలిస్తే తిరగలేదు. చప్పుడుకి ఉలిక్కిపడలేదు. అడుగు వెయ్యకుండానే పోయాడు.

దిష్టి అన్నారు. గాలి సోకిందన్నారు. గంగమ్మకి కోపమొచ్చిందన్నారు.

"పసోడి మీద గంగమ్మకి కోపమేటి? మీ నోళ్లు పడిపోను!" అంది మసేనమ్మ.

ఏడుస్తూనే చుట్టూ చూసింది. పడవలున్న ఆసామి ఇంట్లో అలాంటి పిల్లే. కులపెద్ద ఇంట్లో అలాంటి పిల్లాడే. రోజూ సొర తినగలిగిన ఇళ్లవి. వేలెడేసి కవళ్లు తప్ప మరో చేప కొనలేని ఇళ్లలో పిల్లలు ఇసుకలో పరుగులు తీస్తున్నారు. తన కత్తిపీట దగ్గర సొర పేగులు తిని బతికే పిల్లి చూస్తే, కల్లు తాగినట్టు తూలుతోంది.

ఆ రోజునుంచి మసేనమ్మ సొర నోట పెట్టలేదు.

ఏట్లో మడ్డి పోసేది వాళ్లే కదా అని కొలుముల దగ్గరికి వెళ్లి మొత్తుకుంది. "అంత సముద్రంలో మా చిటికెడు మడ్డి ఏ మూలకే?" అని నవ్వి పంపేశారు. పల్లెకొచ్చి మొత్తుకుంది. బాగా ఉడకబెడితే పోతుందన్నారు ఒకరు. చింతపండు దండిగా వేస్తే విరిగిపోతుందన్నారు ఇంకొకరు. పసుపు రాసి కడగమన్నారు మరొకరు.

"సీసపు గుండు పులుసులో ఉడికితే మెత్తబడతాదేటర్రా?"

"ఏమో గానీ, పాలు పడతాయి కదే!"

"అలాగైతే పాలపిట్టని పట్టుకుని పిండండి, సెంబుడు పాలిత్తాది!"

ఎవరు వింటారు? చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ఇక చెప్పటం మానేసింది, అడగటం మొదలెట్టింది. ఎవరి గుమ్మంలో గంప దించినా ముందు ఒకటే మాట. "ఎవరికమ్మా?"

ముసలాడికి అంటే, ఎదిగిన ఒళ్లు తట్టుకుంటుందిలే అని, పెద్ద చేపలో ఓ ముక్క ఇచ్చేది. పిల్లలకి అంటే కవళ్లు. కడుపుతో ఉన్న కోడలికి అంటే కవళ్లే. బతిమాలినా కవళ్లే, తిట్టినా కవళ్లే.

"సేప అడిగితే వంశమంతా అడుగుతాదేటీ మనిషి!" అని విసుక్కునేవారు.

ఇంతలో పోలి మళ్లీ నీళ్లోసుకుంది. ఈ బిడ్డయినా దక్కాలి. మసేనమ్మకి లోకంలో ఇక వేరే కోరిక లేదు.

పోలి తల్లి గురమ్మ పక్కపల్లె నుంచి పాలసొర మోసుకొచ్చింది.

"ఎవరికి వదినా?"

"నా కూతురికి. ఇంకెవరికి?"

మసేనమ్మ ఆ సొరను కోసి వీధిలో ముసలాళ్లకి పంచేసింది. పోలికి కవళ్లు వండింది. గురమ్మ రెండోసారి తెచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి గురమ్మ గంప ఇవ్వలేదు.

"నానే వండుతాను. నువ్వు అవతల కూకో."

పులుసు కుతకుతలాడింది. ఆ వాసనకి పోలి పీట వాల్చుకుని కూర్చుంది. "అత్తా, ఒక్క ముక్క" అంది. మసేనమ్మ కొంగుతో కుండ పట్టుకుని, బయటికి తీసుకెళ్లి ఇసుకలో బోర్లించింది. పిల్లులు ముట్టకుండా మీద ఇసుక కప్పింది. ఉడికిన కూడు నేలపాలు చెయ్యటం పాపం కదా, లెంపలేసుకుంది. "తల్లీ గంగమ్మా, ఈ పాపం నాకెయ్యి. కడుపులో పిల్లకెయ్యకు."

గురమ్మ ఊరుకుంటుందా?

"నా సేతి కూడు ఇసకపాలు సేత్తావా! నీ గడప తొక్కితే ఒట్టు!"

ఆడపిల్ల పుట్టింది. మెడ నిలిచింది. పిలిస్తే తిరిగింది. ఇసుకలో పరుగులు తీసింది. ఆ పిల్లే మా తాతమ్మకి అమ్మమ్మ.

గురమ్మ ఒప్పుకుందా? అబ్బే! గడప బయటే నిలబడి మనవరాల్ని ఎత్తుకునేది. "మా పోలిక. అందుకే గట్టిగా ఉంది" అనేది.

"అవునొదినా, మీ పోలికే. నోరు కూడా" అనేది మసేనమ్మ లోపలినుంచి. గురమ్మ చేతిలో చేప కనపడితే మాత్రం వెంటనే అడిగేది. "ఎవరికి వదినా?"

"నీ దినాలకి!" అనేది గురమ్మ. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఇప్పటికీ ఆ తీరంలో గంప దించిన ఆడమనిషి "ఎవరికమ్మా?" అని అడిగాకే చేప మీద చెయ్యి వేస్తుంది. కొత్తవాళ్లు చిరాకుపడతారు. పడనీండి. అమ్మేవాళ్లు మరిచిపోతే మా ఇంట్లో ఆడవాళ్లమే గుర్తుచేసి అడిగించుకుంటాం. మసేనమ్మ పోయాక ఆ మాట మొదట ఎవరు అడిగారో చెప్పి ముగిస్తాను.

దీపాల వేళ ఆమె పోయిందా, మర్నాడు పొద్దున ఆ ఇంట పొయ్యి వెలగలేదు. చావింటికి వియ్యాలవారే కూడు తేవాలి. గురమ్మ తెచ్చింది. ఎప్పట్లాగే గడప బయట నిలబడింది. నెత్తిమీద గంప, గంపలో సొర పులుసు. ఆమె నిలబడే ఉంది.

"ఏటర్రా, అడగరేటి?" అంది చివరికి. "ఒక్కరూ అడగరేటి?"

మనవరాలు లేచొచ్చి నాయనమ్మ నిలబడేచోట నిలబడింది.

"ఎవరికి అమ్మమ్మా?"

పాత జవాబు గురమ్మ నోటికి రాలేదు. గంప దించింది. "పెద్దోళ్లకి తల్లీ. నీకు కాదు." కొంగు ముడి విప్పింది. ఆకులో చుట్టిన వేపుడు కవళ్లు. "నీకివి."

అని, గడప దాటి లోపలికొచ్చింది.

పోలి విస్తళ్లు వేసింది. ఒక విస్తరి పోయినామెకి. దానిలో ఏం వడ్డించాలో తెలియక గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"సొర ఎయ్యి" అంది గురమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "పెద్ద ముక్క ఎయ్యి. దానికింక భయమేటి?"