నూకాలు చేతి ఎర్రదారం

శౌరికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. అతను చెప్పింది అందరూ ఒప్పుకున్నారు, ఒక్క రోగి తప్ప.

పెద్దాసుపత్రిలో, గడ్డల్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి ఇది ఫలానా అని తేల్చే గదిలో అతను శిష్యుడు. అద్దంలో తన మొహం కన్నా స్లైడు మీద కణాలే అందంగా కనిపించే రోజులవి. అతని మొహం చూసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టలేదు.

ఆ ఉదయం స్లైడు మీద కణాలు తిరనాళ్లలా కిటకిటలాడుతున్నాయి. ఎటు చూసినా ఒకటి రెండవుతోంది.

"సార్కోమా! కండలో పుట్టే అరుదైన క్యాన్సరు!" అని శౌరి టీ కూడా తాగకుండా సర్జన్ దగ్గరికి పరిగెత్తాడు. గడ్డతోపాటు చుట్టూ ఉన్న కండంతా తీసేద్దామన్నాడు సర్జన్. చెయ్యి మిగులుతుంది, పట్టు మిగలదు.

ఆ చెయ్యి నూకాలుది. రేవు బజార్లో కత్తిపీట ముందేసుకుని చేపలు కోసే మనిషి.

"ఏటి బాబూ, కోసేస్తారా?" అంది మంచం మీంచి. "పొద్దున్నించీ సందేళ దాకా నాను కోస్తాను. నన్ను కోసే మగోడెవడో రమ్మను, సూస్తాను."

శౌరి గురువుగారి దగ్గరికి చేరాడు. "మీరైనా చెప్పండి మేడమ్. మొండిఘటం."

జులేఖా మేడమ్ ఆ స్లైడు చాలాసేపు చూశారు. "కణాలు బాగా పట్టుకున్నావు," అన్నారు. శౌరి భుజాలు పైకి లేచాయి. "ఈ గడ్డ ఎన్నాళ్ల నుంచి ఉంది?"

భుజాలు దిగాయి. "అది స్లైడు మీద కనపడదు కదా మేడమ్."

ఆవిడ లేచారు. బల్ల మీది స్వీటు పెట్టెకి కట్టిన ఎర్రదారం తెంపుకుని వార్డుకి నడిచారు. వెనకే శౌరి.

"ఎప్పుడొచ్చిందమ్మా ఇది?"

"మొన్న గంగమ్మ పండక్కి నేదమ్మా. పండగెళ్లి నెల తిరగనేదు. రేగ్గాయంత మొదలెట్టి నిమ్మకాయైపోనాది."

మేడమ్ గడ్డ మీదుగా ముంజేతి చుట్టూ దారం ఒరుసుకునేలా కట్టారు. "ఇంత తొందరగా పెరిగే గడ్డల్లో కొన్ని రౌడీ వేషం వేసుకొస్తాయి గానీ రౌడీలు కావు, వాటంతటవే కరిగిపోతాయి. ఇది ఆ రకమో కాదో చూద్దాం. దారం బిగిసిందా, ఆ రోజే వచ్చి కోయించుకోవాలి. నేను పక్కనుంటాను."

"బిగిస్తే కత్తిపీట నానే అట్టుకొస్తాను," అంది నూకాలు.

సంగతి విని సర్జన్ మండిపడ్డాడు. "క్యాన్సరుకి దారం కడతారా? పాకిపోతే ఎవరిది పూచీ?"

"నాది," అన్నారు మేడమ్. "మీ కత్తి ఎక్కడికీ పోదు డాక్టర్‌గారూ. ఆ చేతి పట్టు పోతే రాదు."

ఆ పూచీ మోయాల్సిన ఆవిడ నిద్రపోయారో లేదో గానీ, శౌరికి మాత్రం కునుకు లేదు. దారంతోనే మళ్లీ బజార్లో కూర్చున్న నూకాలు దగ్గరికి చేపలు కొనే వంకతో రోజూ వెళ్లాడు. వండటం రాదు గనక హాస్టలు పిల్లులు లావెక్కాయి.

"మళ్లీ దిగినావా బాబూ? సేపకా, దారానికా?"

"చేపకే."

"మరి సేపనొగ్గేసి నా సెయ్యి సూస్తావేటి?"

ఒకనాడు ఆ చెయ్యే అతని ముక్కు కిందికి వచ్చింది. దారం మణికట్టు దాకా జారిపోయి ఉంది. నిమ్మకాయ ఉన్నచోట బఠాణీ గింజంత మిగిలింది.

"గాజైపోనాది సూడు!" అని నూకాలు వంజరం తల ఒక్క వేటుకి తెగేసింది.

శౌరి రొప్పుకుంటూ వచ్చి గురువుగారి ముందు నిలబడ్డాడు. "కరిగిపోతోంది మేడమ్! మీకు ముందే ఎలా తెలుసు?"

ఆవిడ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

"నాకు తెలీదు. అందుకే దారం కట్టాను. తెలిసినవాడివి నువ్వు."

అని తరవాతి స్లైడు అతని వైపు జరిపారు.

శౌరి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టలేదు. దాని మీది పేరు చదువుకుని, చెప్పులు వేసుకుని, వార్డు మెట్లెక్కాడు.