అందరికీ తెలిసిన గుర్తులు

కొండకింద మేకలూ ఎద్దులూ, కొండమీద కోతులూ నక్కలూ. అందరికీ కలిపి నాలుగు ఫోన్లు. అడవి చూడ్డానికి వచ్చిన మనుషులు జారవిడుచుకున్నవే అవి. చేనులో ఒకటి, వాగు దగ్గర ఒకటి, చింతతోపులో ఒకటి, కొండమీద ఒకటి. ఎవరి పిల్ల తప్పిపోయినా కొండముచ్చు పుల్లయ్య ఆ ఫోన్ల గ్రూపులో పెట్టేవాడు, అందరూ కలిసి వెతికేవాళ్ళు. ఆ ఏడాదిలో ఆరు పిల్లలు తల్లుల దగ్గరికి చేరాయి. దాంతో పుల్లయ్యకి పొగడ్తలు కాస్త తలకెక్కాయి. మంచివాడే, కాదనను.

ఒక పొద్దున మేక చుక్కమ్మ ఏడుస్తూ వచ్చింది.

"పుల్లయ్యా, నా బంతి కనపడ్డంలేదయ్యా! మేతకెళ్తే కుక్కలు తరిమాయి. మందంతా చెదిరిపోయింది. వెనక్కి చూస్తే పిల్ల లేదు."

"ఏడవకు వదినా. ఫొటో ఉందిగా. గుర్తులు చెప్పు."

"పొట్టకింద చింతగింజంత నల్లమచ్చ ఉంటుంది. 'బంతీ, బంతీ, బువ్వకి రా' అని పిలిస్తే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది."

పక్కనున్న తాబేలు తల బయటికి పెట్టింది. "ఫొటో పెట్టు, చాలు. మచ్చ సంగతీ పిలుపు సంగతీ మన దగ్గరే ఉంచు. రేపెవడైనా పిల్ల మాదేనని వస్తే అడగడానికి ఏం మిగుల్తుంది?"

"నీ ఆలోచనా నీ నడకలాగే ఉంది. తల్లి అల్లాడిపోతుంటే దాచమంటావా? ఎన్ని చెబితే అంత తొందరగా దొరుకుతుంది!"

అని అన్నీ పెట్టేశాడు. చుక్కమ్మ చేత ఆ పిలుపు పిలిపించి, రికార్డు చేసి మరీ పెట్టాడు. కొండమీది ఫోను చుట్టూ మూగినవాళ్ళలో నక్క కూడా ఉంది. దాని సంగతి పుల్లయ్యకి తట్టనే లేదు.

మధ్యాహ్నానికల్లా చింతతోపులో ముసలి ఎద్దు బసవయ్యకి బంతి కనిపించింది. దానికి నీళ్ళు తాగించి, తన నీడలో పడుకోబెట్టుకున్నాడు. "పిల్ల నా దగ్గర క్షేమంగా ఉంది, చింతతోపుకి రండి" అని గ్రూపులో చెప్పాడు. చుక్కమ్మ చేను దాటి, వాగు దాటి రావాలి. నక్కకి కొండ దిగితే చాలు.

"బసవన్నా, తల్లి నడవలేక వాగు దగ్గర కూలబడిపోయింది. పిల్లని తీసుకురమ్మని నన్ను పంపింది" అంది నక్క.

"నిన్నా?"

"ఏం, నాకు పిల్లల్లేరా? నమ్మకం లేకపోతే గుర్తులడుగు."

గుర్తులు చెప్పినవాళ్ళకి పిల్లని అప్పగించాలి. అది అందరూ కలిసి పెట్టుకున్న పద్ధతి. బసవయ్య పద్ధతి తప్పేవాడు కాదు.

"పొట్టకింద ఏముంది?"

"చింతగింజంత నల్లమచ్చ."

"తల్లి ఏమని పిలుస్తుంది?"

నక్క గొంతు సన్నగా చేసింది. "బంతీ, బంతీ, బువ్వకి రా!"

పడుకుని ఉన్న పిల్ల దిగ్గున లేచి నక్క దగ్గరికి పరిగెత్తింది. ఈ మాట చెబుతుంటే నాకే గుండె కలుక్కుమంటోంది. బసవయ్యకి ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు.

కాసేపటికి చుక్కమ్మ రొప్పుతూ వచ్చింది. వెనకే పుల్లయ్య.

"ఏదయ్యా నా పిల్ల?"

బసవయ్య తెల్లబోయాడు. "నువ్వే పంపావన్నదిగా అమ్మా? గుర్తులన్నీ సరిగ్గా చెప్పింది."

"ఎవరు?"

"నక్క."

పొద్దుగూకేదాకా వెతికారు. చేనూ వాగూ కొండా మొత్తం కదిలాయి. అంతమంది ఏ పిల్లకోసమూ ఎప్పుడూ కదల్లేదు. బంతి మాత్రం దొరకలేదు.

చుక్కమ్మ ఎవరినీ తిట్టలేదు. "నా ఎడమచెవి నోట్లో పెట్టుకుంటేగాని నిద్రపోదు నా తల్లి" అని మాత్రం అంది.

"ఆ ఒక్కటీ గ్రూపులో లేదమ్మా" అన్నాడు బసవయ్య. "అలాంటిదొకటి అడిగుంటే..."

పుల్లయ్య తలెత్తలేకపోయాడు. ఇప్పటికీ ఏ తల్లి ఏడుస్తూ వచ్చినా గ్రూపులో పెడతాడు, అందరినీ వెతకమంటాడు. అంతకుముందు మాత్రం ఆ తల్లిని పక్కకి పిలిచి, "ఒక్క గుర్తు నీలోనే ఉంచుకో. ఎవరికీ చెప్పకు. నాక్కూడా చెప్పకు. పిల్లని తీసుకునేటప్పుడు నువ్వే చెప్పు" అంటాడు.

పిల్లని వెతకడానికి లోకమంతటినీ పిలవండి. పిల్లని అప్పగించే గుర్తు మాత్రం తల్లి దగ్గరే ఉండనివ్వండి.