చివరి బండ మీద సుక్కి

వినే చెవులుంటే చెబుతాను, ఊఁ కొట్టే నోరుంటే ఇంకాస్త చెబుతాను.

అనగనగా, మీ తాతల తాతలకీ తాతలున్న కాలంలో, ఒక వాగు. వాగు ఒడ్డున అద్దకాల పేట. ఆ పేటలో రాజుగారి కోసం పూల బట్టలు అద్దేవారు. అద్దిన బట్టని పారే నీళ్లలో జాడించాలి. పువ్వు రంగు నిలవాలి, చుట్టూ బట్ట తెల్లబడాలి. అందుకని వాగులో ఎగువనించి దిగువకి ఏడు బండలు వేశారు. బండకొక మనిషి.

ఆ రేవుకి కొండల మీంచి సుక్కి దిగి వచ్చింది. నల్లటి మనిషి, గట్టి చేతులు, మాటలో కొండ యాస. రేవులో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తవాళ్లు అన్నిటికంటే దిగువన, చివరి బండ మీద నిలబడాలి. పై ఆరుగురు వదిలిన రంగంతా అక్కడికే కొట్టుకొస్తుంది. పైనెవరైనా పని మానితే అందరూ ఒక్కో బండ ఎగువకి జరుగుతారు, కొత్తగా వచ్చినవాళ్లు చివరి బండ ఎక్కుతారు. సరేనంది సుక్కి. ఎవరైనా అలాగే మొదలుపెట్టాలి గదా!

ఒక ఏడు గడిచింది. పైన ఒకామె మానేసింది, కొత్తామె వచ్చింది. మేస్త్రీ అచ్చయ్య ఆ కొత్తామెని సుక్కికి పైన నిలబెట్టాడు.

"మేస్త్రీ గారూ, ఇప్పుడు పైకి జరగాల్సింది నేను గదా?"

"కొండ మనిషివి. నీకు ఏ నీళ్లయినా ఒకటేలే."

రెండో ఏడు గడిచింది. మరో కొత్తామె వచ్చింది, ఆమే పైకి పోయింది. సుక్కి మళ్లీ అడిగింది.

"మీ కొండవాళ్ల చెయ్యి మొరటే. ముందు బట్ట తెల్లగా తియ్యి, తరవాత చూద్దాం."

తెల్లగా ఎలా వస్తుంది? పై బండల వాళ్లు నీలి బట్టలు జాడిస్తుంటే సుక్కి బండ దగ్గర నీళ్లే నీలంగా ఉండేవి. ఆమె ఎర్రపూల బట్టకి ఆ నీలం పట్టేసేది. అచ్చయ్య దాన్ని అందరి ముందూ ఎత్తి చూపించి పక్కకి గిరాటు వేసేవాడు.

మూడో ఏడు పేరమ్మ వచ్చింది. ఆమే పైకి పోయింది. సుక్కి మూడోసారి అడిగింది. అచ్చయ్యకి ఒళ్లు మండింది.

"నువ్వు పైన నిలబడితే నిన్ను తాకిన నీళ్లలో మావాళ్లు చేతులెలా పెడతారే?"

రేవంతా విన్నది. ఎవరి బట్ట వాళ్లు జాడించుకున్నారు. సుక్కి తన చేతులకేసి చూసుకుంది. ఇంకొన్నాళ్లు ఇక్కడుంటే ఈ చేతుల మీద తనకే నమ్మకం పోతుందనిపించింది. తడిబట్ట బండ మీద పెట్టి గట్టెక్కి వెళ్లిపోయింది.

"నేను పొమ్మన్నానా?" అన్నాడు అచ్చయ్య ఊరంతా తిరిగి. "పని చేతకాక తనంతట తానే పోయింది."

ఆ మాట సుక్కి కంటే ముందే పక్క రేవులకి చేరింది. కొండ మనిషి ఎవరు పనికి పోయినా "మీ చేతికి తెలుపు రాదటగా" అని తిప్పి పంపేశారు. తన ఒక్కదాని మీద పడ్డ నింద తనవాళ్లందరికీ అంటుకుంది. సుక్కి ఊరుకోలేదు. నేరుగా ధర్మాధికారి చావడికి పోయి నిలబడింది.

"నా చేతిలో తప్పుంటే చూపించమనండయ్యా. లేకపోతే ఆ మాట వెనక్కి తీసుకోమనండి."

అచ్చయ్య మూడు మూటలు మోయించుకొచ్చాడు. "చిత్తం, ఇవన్నీ ఇది పాడుచేసిన బట్టలే. కొంగున దీని ముడి కూడా ఉంది చూడండి."

రేవులో ఎవరి బట్ట వాళ్లకి తెలియడానికి నీళ్లలో వేసే ముందే కొంగున తమ గుర్తుగా ముడి వేసుకునేవారు. బట్ట బాగుందంటేనే ఆ ముడి విప్పాలి. సుక్కి ముడులు మూడేళ్లుగా అలాగే ఉన్నాయి.

సుక్కి పకపకా నవ్వింది. "నా సాక్ష్యం మేస్త్రీ గారే మోసుకొచ్చారయ్యా!"

ఒక ముడి విప్పింది. రెండో ముడి విప్పింది. మూడో ముడి విప్పింది. బట్టంతా నీలపు మరకలే. నీళ్లు చొరని ముడి లోపల మాత్రం ఒక్క నీలి చుక్క లేదు.

"నేను నీలం ముట్టనేలేదు. ఇది పైనించి వచ్చిన రంగు. మూడేళ్లూ ఆ బండ మీదే ఉంచారు."

"ఎందుకుంచావు?" అడిగాడు ధర్మాధికారి.

అచ్చయ్య మూటలు సర్దబోయాడు. అప్పుడు వెనకనించి పేరమ్మ లేచింది. "ఆమె తాకిన నీళ్లు మాకు తగలకూడదన్నాడయ్యా. నేను విన్నాను. ఆమెకి రావాల్సిన బండ మీదే నేను నిలబడ్డాను."

"అయినా నేను పొమ్మన్నానా?" అని అరిచాడు అచ్చయ్య.

ధర్మాధికారి గడ్డం గోక్కున్నాడు. "అది నిజమే గదమ్మా. నిన్నెవరూ గెంటలేదే?"

"ఆయన్ని మూడు రోజులు ఆ బండ మీద నిలబెట్టండి. జాడించిన ప్రతి బట్టా అందరి ముందూ గిరాటు వెయ్యండి. పొమ్మని మాత్రం ఒక్కరూ అనొద్దు" అంది సుక్కి.

అలాగే చేశారు. మొదటి రోజు అచ్చయ్య గొణిగాడు. రెండో రోజు తిట్టాడు. మూడో రోజు పొద్దెక్కకుండానే బట్ట విసిరికొట్టి గట్టెక్కేశాడు.

గట్టు మీద సుక్కి నిలబడి ఉంది. "మేస్త్రీ గారూ, ఎవరైనా పొమ్మన్నారా?"

రేవంతా విన్నది. ఈసారి రేవంతా నవ్వింది.

"ఈమె మానలేదు, మాన్పించారు" అని తీర్పు చెప్పాడు ధర్మాధికారి. కొండవాళ్ల చేతిలో తప్పులేదని ఏడు రేవుల్లో చాటింపు వేయించాడు. సుక్కికి అన్నిటికంటే పై బండ ఇస్తానన్నాడు.

"మీ దయ నాకొద్దయ్యా. ముగ్గురు నన్ను దాటిపోయారు. లెక్కప్రకారం నాలుగో బండ నాది. అదివ్వండి చాలు. చివరి బండ మీద మేస్త్రీ నిలబడాలి, ఇకనించి ఏ మేస్త్రీ అయినా సరే."

అచ్చయ్య మళ్లీ ఆ రేవుకి రాలేదు. పాపం, ఆయన్నీ ఎవరూ పొమ్మనలేదు.

సుక్కి తల నెరిసేదాకా ఆ రేవులోనే జాడించింది. ఆమె కన్నుమూసిన రోజున ఏడు బండల మీదా ఒక్క బట్ట తడవలేదు. ఈనాటికీ అక్కడ మేస్త్రీ చివరి బండ మీదే నిలబడతాడు. ఎవరైనా వచ్చి "ఫలానామె తనంతట తానే పని మానేసింది" అంటే చాలు, రేవులో ముసలమ్మలు జాడింపు ఆపి అడుగుతారు:

"ఏ బండ మీద నిలబెట్టారేమిటి?"