దాలమ్మ వెనక్కి వేసిన చిటికెడు

అనగా అనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, సముద్రం పక్కన ఒక ఉప్పు పాలెం ఉండేది. మడుల్లో నీళ్లు ఎండగట్టి ఉప్పు తీయడమే ఆ ఊరి బతుకు. వాళ్లకి ఉప్పంటే ఎంత పొగరంటే, కూరలో ఉప్పు గుప్పిళ్లతో వేసేవారు. కొత్త ఉప్పు దిగే రోజుకి ప్రతి ఇంట్లో పాత జాడీ అడుగు కనబడాలి. ఉప్పు మిగిలితే మడిని కించపరిచినట్టే.

ఆ ఊళ్లో గవరయ్య అని ఒక మడి రైతు. అతని పెళ్లాం దాలమ్మ. నోట్లో నాలుక లేని మనిషి. ఒక ఏడు ఆమె కాళ్లు వాచాయి.

"మావా, నా కాళ్లు సూడు. ఉప్పు తగ్గించకపోతే బతకనని వైద్యుడు సెప్పాడు."

"ఉప్పు తీసే ఇంట్లో సప్పిడి కూడేటి? నలుగురూ నవ్వుతారే. కావాలంటే నువ్వు వేరే వండుకో."

వేరే ఎలా వండుకుంటుంది? ఆ ఊళ్లో వేరే దాక పొయ్యెక్కేది చచ్చినవాళ్ల కోసమే. ఆ సంగతి గవరయ్యకి తెలియదా? తెలుసు. తెలిసే అన్నాడు, మహానుభావుడు.

దాలమ్మ మొదటి నెల గుప్పిట్లోంచి ఒక చిటికెడు జాడీలోకి వెనక్కి వేసింది. ఎండుచేపలు మూడు నీళ్లలో కడిగి, చింతచిగురు వేసి వండింది. గవరయ్య వేళ్లు నాకాడు. రెండో నెల ఇంకో చిటికెడు వెనక్కి వేసింది. పప్పులో పచ్చిమామిడి దట్టంగా వేసింది. గవరయ్య మారు అడిగాడు. మూడో నెల ఇంకో చిటికెడు. వంకాయలో వేయించిన నువ్వుల పొడి చల్లి, వెల్లుల్లి తాలింపు పెట్టింది. "ఏటే దాలీ, రోజురోజుకీ నీ సేతి వంట ఇంత బాగుంటోంది!" అని గవరయ్య మురిసిపోయాడు. దాలమ్మ కాళ్ల వాపు తగ్గింది. చాలా రోజులకి చకచకా నడిచింది.

అంతలో కొత్త ఉప్పు దిగింది. గవరయ్య జాడీ మూత తీశాడు. అడుగు కనబడకుండా ఉప్పు మిగిలి ఉంది. పక్కమడి సూరయ్య తొంగి చూసి పకపకా నవ్వాడు. "ఏం గవరా, నీ ఉప్పు నీ పెళ్లానికే పనికి రాలేదేటి?"

గవరయ్యకి తల కొట్టేసినట్టయింది.

"నా ఉప్పు నాకే తెలీకుండా దాస్తావా?"

"బాగుందని తిన్నావు గదా మావా. మూడు సిటికెలే తగ్గించాను."

బాగుందన్న మాట నిజమే. కానీ ఊరు నవ్విన చెవికి అది ఎక్కలేదు. ఆ రోజు నుంచి దాకలో ఉప్పు తనే వేశాడు, గుప్పిటి నిండా. వేసే ప్రతిసారీ దాలమ్మ పొయ్యి పక్క పీట మీంచి అడిగేది.

"ఒక్క సిటికెడు ఎనక్కెయ్యి, మావా."

వినబడనట్టు వేసేసేవాడు. మొదటి నెల ఆమె కాళ్లు వాచాయి. "ఒక్క సిటికెడు ఎనక్కెయ్యి, మావా." వేసేశాడు. రెండో నెల చేతులు వాచాయి. "ఒక్క సిటికెడు, మావా." వేసేశాడు. మూడో నెల మొహం వాచింది. అప్పుడిక ఆమె అడగలేదు. నాలుగో నెల చూడకుండానే పోయింది.

దినాలన్నీ అయ్యాక గవరయ్య తనే పొయ్యి రాజేశాడు. చేపలు కడిగాడు, చిగురు దూశాడు. గుప్పిటి నిండా ఉప్పు తీశాడు. దాక మీదికి చెయ్యి చాపేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది. మూడు చిటికెలు తీసి జాడీలో వేశాడు. వండుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

రుచి ఏమాత్రం తగ్గలేదు.

కంచం ముందే కూలబడి ఏడ్చాడు. ఇంత సులువైన పని దానికి చేసి పెట్టలేకపోయానే అని ఏడ్చాడు. తర్వాత ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. తన తప్పు దాచుకోకుండా చెప్పాడు. సూరయ్య ఈసారి నవ్వలేదు.

ఇప్పటికీ ఆ పాలెంలో కొత్త ఉప్పు దిగే రోజున పాత జాడీలో ఉప్పు మిగిలే ఉండాలి. అడుగు కనబడిందా, "మీ ఇంటి ఆడమనిషి కులాసాయేనా?" అని ఊరు అడుగుతుంది. కూరలో ఉప్పు ఎవరు వేసినా ముందు ఒక చిటికెడు వెనక్కి వేస్తారు. గవరయ్య బతికినన్నాళ్లూ ఖాళీ పీట వైపు తిరిగి అడిగిన మాటే వాళ్లూ అడుగుతారు.

"సాలునా, దాలీ?"

అడిగి, జవాబు వస్తుందేమోనన్నట్టు కాసేపు ఆగుతారు.