గుట్ట మీది నీళ్ళతొట్టి

ఇనాయత్‌కి జనమంటే పడదు. నలుగురు కూడిన చోట అతనికి ఊపిరాడదు, ధ్యానం కుదరదు, చివరికి అన్నం కూడా సహించదు. అందుకే ఊరికి దూరంగా తోటలో ఉండే సూఫీ గురువు లతీఫ్ షా దగ్గర చేరాడు.

లతీఫ్ షాకి ఒక్కటే కోరిక మిగిలింది. ఆయన గురువుగారి సమాధి నూరాబాద్ పట్నం నడుమ గుట్ట మీద ఉంది. కన్నుమూసేలోగా ఒక్కసారి ఆ గడప తాకి రావాలి. మోకాళ్ళు చూస్తే సహకరించవు.

"నన్ను తీసుకెళ్ళు నాయనా" అని ఇనాయత్‌ని అడిగాడు.

"తప్పకుండా బాబా. కాస్త రద్దీ తగ్గనివ్వండి."

అంతే, లెక్కలు మొదలయ్యాయి. ఎండాకాలం వెళ్దామంటే పెళ్ళిబృందాలతో సత్రాలన్నీ నిండిపోతాయి. చలికాలం పశువుల సంత. ఇక ఆ సమాధి దగ్గర జరిగే ఉరుసు సంగతి చెప్పనే అక్కర్లేదు. నెలవంకని బట్టి వచ్చే పండుగ కదా, ఏటా కాస్త ముందుకి జరుగుతూ, సరిగ్గా ఇతను ఎంచుకున్న రోజుల్లోకే వచ్చి కూర్చునేది. ఇనాయత్ పళ్ళు నూరుకునేవాడు. దారిన పోయేవాడు కనబడితే చాలు, "పట్నంలో జనం ఎలా ఉన్నారు?" అని ఆరా. వాళ్ళు బాగున్నారని చెప్పి పోయేవాళ్ళు.

అలా ఏళ్ళు గడిచాయి. గురువు నడుము వంగింది, చేతికి కర్ర వచ్చింది.

ఒక ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగా ఇనాయత్ పరుగున వచ్చాడు. "బాబా, ఇదే అదను! ఉరుసు అయిపోయింది, సంత ఇంకా మొదలవలేదు. పట్నంలో పిట్టమనిషి ఉండడు."

"నీ ఇష్టం నాయనా" అన్నాడు లతీఫ్ షా.

బండి కట్టించుకుని వెళ్ళారు. నిజంగానే పిట్టమనిషి లేడు. గుట్ట ఎక్కలేనివాళ్ళని డోలీలో మోసేవాళ్ళు కూడా పొలం పనులకి పోయారు.

ఆ గుట్ట మీద బావి లేదు. ఎక్కే ప్రతి మనిషీ కిందనున్న బావిలో ఓ కడవ ముంచుకుపోయి, సమాధి పక్కనున్న తొట్టిలో పోయడం అక్కడి ఆచారం. కడవలమ్మే అంగడి మూసి ఉంది. పైన ఉంటాయిలే నీళ్ళు, అనుకున్నాడు ఇనాయత్.

గురువుకి భుజం ఆసరా ఇచ్చి ఎక్కించబోయాడు. మొదటి మలుపుకే ముసలాయనకి ఆయాసం వచ్చేసింది. రాయి మీద కూలబడి, "నువ్వెళ్ళి నా సలాం చెప్పిరా" అన్నాడు.

పైన ఎంత నిశ్శబ్దం! ఇన్నేళ్ళుగా కోరుకున్నది ఇదే. ఇనాయత్ కళ్ళు మూసుకున్నాడు. కింద రాయి మీద కూర్చున్న మనిషే కనిపించాడు. మళ్ళీ మూసుకున్నాడు, మళ్ళీ ఆయనే. గొంతెండిపోయి తొట్టి దగ్గరికి వెళ్తే అందులో ఎండుటాకులున్నాయి. నమాజుకి చేతులు కడుక్కుందామన్నా చుక్క లేదు.

దిగొచ్చాడు.

"ప్రశాంతంగా ఉందా నాయనా?"

"ఉంది బాబా" అన్నాడు ఇనాయత్. ఏడుపొచ్చింది.

మరుసటి ఏడు ఉరుసు నాడు, పొద్దున్నే లతీఫ్ షా తనే వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

"ఇవాళా? బాబా, తొక్కేస్తారు!"

"పోనియ్యి బండి."

గుట్ట కింద ఇసుకేస్తే రాలనంత జనం. ఇనాయత్ కడవ కొని, నీళ్ళు ముంచి భుజానికెత్తుకుని, రెండో చేత్తో గురువుని గట్టిగా పట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఎవరో చూశారు.

"ముసలాయన! దారివ్వండయ్యా!"

"తాతా, నా మెడ పట్టుకో!"

ఎవరో ఎత్తేసుకున్నారు. ఆ భుజం అలిసేలోపు ఇంకో భుజం అందుకుంది. చూస్తుండగానే గురువు తెల్ల తలపాగా మలుపు దాటి మాయమైంది. "బాబా! బాబా!" అని అరుస్తూ, మోచేతి పోట్లు తింటూ, సగం నీళ్ళు ఒంటి మీదే ఒలకబోసుకుంటూ ఇనాయత్ ఎక్కాడు.

పైన లతీఫ్ షా కాళ్ళు చాపుకుని దర్జాగా కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి గడప మీద ఉంది. కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

ఇనాయత్‌కి ప్రాణం కుదుటపడింది. "మిమ్మల్ని మోసుకొచ్చిందెవరు బాబా? వెళ్ళి కాళ్ళకి మొక్కుతాను."

"ముందు ఆ నీళ్ళు పోసిరా."

తొట్టి అంచుల దాకా నిండి ఉంది. ఇనాయత్ తన కడవలో మిగిలిన కాసిని నీళ్ళూ అందులో పోసి, దోసిలితో ముంచుకుని కడుపారా తాగాడు.

"చల్లగా ఉన్నాయా?" గడప దగ్గర్నుంచే అడిగాడు గురువు.

"ప్రాణం లేచొచ్చింది బాబా!"

"అవి మోసుకొచ్చిందెవరు నాయనా?"

ఇనాయత్ తొట్టిలోకి చూశాడు. తల తిప్పి, మెట్ల మీద వచ్చేవాళ్ళని చూశాడు. వెనకాల ఎవరో కడవతో నిలబడి ఉంటే, పక్కకి జరిగి చోటిచ్చాడు.